బాపట్లలో రెండు రోజులు, అంతకుముందు నాలుగేళ్లు

టూరిస్టుగా బాపట్ల వెళ్లడం నాకిదే మొదటిసారి. ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ అక్కడే ఒక మామ్మగారి పెంకుటింటి వెనక గదిలో ముగ్గురం అద్దెకుండేవాళ్లం. ఊరు నాకు తెలుసన్న ధీమాతో ఈసారి రూమ్ వెతికే పని నేనే నెత్తినేసుకున్నాను.

స్టేషన్‌కి దగ్గరని ఒక లాడ్జిలో దిగాం. గీజర్ స్విచ్ వేస్తే ఎర్రలైటు చక్కగా వెలిగేది, నీళ్లు మాత్రం వేడెక్కేవి కావు. "పొద్దున్నే బకెట్టు పంపిస్తా సార్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. పంపించాడు, తొమ్మిదిన్నరకి. రెండో రాత్రికి సూర్యలంక బీచ్‌లో టూరిజం వాళ్ల కాటేజీకి మారిపోయాం. డబ్బు ఎక్కువే అయింది కానీ తలుపు తీస్తే సముద్రపు గాలి. శని, ఆదివారాలకైతే ముందే బుక్ చేసుకోవాలి.

బీచ్ ఊరికి తొమ్మిది కిలోమీటర్లు. శనివారం సాయంత్రం కార్లు, స్పీకర్లు, తొక్కిసలాట. కార్తీక పౌర్ణమికైతే ఇక చెప్పక్కర్లేదు. మర్నాడు పొద్దున్న ఆరింటికి అదే ఇసుక మీద మేమూ, వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరూ తప్ప ఎవరూ లేరు. అలలు మెత్తగా కనిపిస్తున్నాయని లోపలికి వెళ్లకండి, అక్కడ పోయినవాళ్లు చాలామందే ఉన్నారు.

చాలామంది బీచ్ చూసి అటునుంచటే తిరిగెళ్లిపోతారు. నన్నడిగితే ఊళ్లోనే ఒక పూట ఎక్కువ ఉండాలి. చోళుల కాలం నాటి భావనారాయణస్వామి గుడి ఉంది. ఆ స్వామి పేరునే ఒకప్పుడు ఇది భావపురి. 1913లో తొలి ఆంధ్ర మహాసభ జరిగిందీ ఈ ఊళ్లోనే. చదువుకునే రోజుల్లో మాకివేవీ పట్టలేదు, గుడికి వెళ్లింది పరీక్షల ముందే.

1945లో మొదలైన వ్యవసాయ కళాశాల వైపు మా అమ్మాయిని తీసుకెళ్లాను. మనం తినే బీపీటీ బియ్యంలో ఆ మూడక్షరాలూ బాపట్లవే. 5204 రకం, అంటే సాంబ మసూరి, 1980ల్లో ఇక్కడినుంచే వచ్చింది. అది విని మా అమ్మాయి రోడ్డు పక్కన ఒక వరి కంకి పట్టుకుని, "అయితే మన కుక్కర్లోది ఇదేనా నాన్నా?" అంది. అది ఏ రకమో నాకేం తెలుసు! ఇదేనన్నాను.

సాయంత్రం బండి దగ్గర పునుగులు తిన్నాం. కాగితంలోంచి నూనె చేతికంటేంత వేడిగా, లోపల కాస్త పుల్లగా, అల్లం పచ్చడితో. అవి మారలేదు. దోమలూ మారలేదు. నడిచి తిరగ్గలిగినంత ఊరు, రైలు సౌకర్యం ఉంది. పిల్లల్ని ఇక్కడ చేర్పించేవాళ్లకు నేను సందేహం లేకుండా సరేనంటాను, దోమతెర మాత్రం కొనివ్వండి.

మామ్మగారి పెంకుటిల్లు లేదు. ఆ స్థలంలో మూడంతస్తుల మేడ, గేటుకి టు-లెట్ బోర్డు. అద్దె ఎంతుందో చూద్దామని ఆ నంబరుకి ఫోన్ చేశాను.

"బ్యాచిలర్సా, ఫ్యామిలీనా?" అని అడిగారు అవతల.