ఊసరవెల్లి కంటి కోసం కొన్న మందు కొట్టే పంపు: రెండు లీటర్ల ప్రెషర్ స్ప్రేయర్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది మొక్కలకి మందు కొట్టే రెండు లీటర్ల చేతి పంపు మీద రివ్యూ. మా ఇంట్లో మొక్కలు పెద్దగా లేవు, ఉన్నవి కూడా ఒక ఊసరవెల్లి కోసం పెట్టినవే. దాని కన్ను బాగోలేనప్పుడు ఈ పంపు కొన్నాం, కన్ను తేరుకున్నాక కూడా రోజూ వాడుతున్నాం. ఆన్‌లైన్‌లో ఈ పంపుల కింద ఉన్న రివ్యూలన్నీ గులాబీలు, మిరప మొక్కలు, కారు కడగడం గురించే. కన్ను మూసుకుని కూర్చున్న ఊసరవెల్లిని చూసి టెన్షన్ పడుతున్నవాళ్ళకి పనికొచ్చే ముక్క ఒక్కటీ కనపడలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మాది ఒడిశాలోని రాయగడ. చుట్టుపక్కల పత్తి ఎక్కువ వేస్తారు కాబట్టి స్ప్రే పంపులకి కొదవలేదు, ఎరువుల కొట్టు ఏది చూసినా గుమ్మానికి నాలుగు వేలాడుతూ ఉంటాయి. నేను వెళ్ళిన కొట్టు పెద్దాయన తెలుగాయనే. "ఏ పంటకమ్మా, పత్తికా, వంగకా?" అన్నాడు. "ఊసరవెల్లికండి" అన్నాను. "దాన్ని కొట్టడానికి పంపెందుకు, చీపురు చాలదూ?" అన్నాడు. విషయం మొత్తం చెప్పాక కాసేపు నవ్వి, ఆ తర్వాత మాత్రం చాలా మంచి మాట చెప్పాడు: గుమ్మానికి వేలాడేవి వద్దమ్మా, ఎవరో ఒకరికి మందు కలిపి చూపించి ఉంటాం, లోపల పెట్టెలోది సీలు తీయనిది పట్టుకెళ్ళు అని. ఈ ఒక్క మాట కోసమే ఆన్‌లైన్‌లో కాకుండా కొట్టుకి వెళ్ళినందుకు సంతోషించాను. పురుగుమందు ఒక్కసారి పోసిన పంపుని ఎంత కడిగినా జంతువుకి వాడకూడదు, ఇంట్లో పాతది ఉంది కదా అని అసలు ఆలోచించకండి.

ఊసరవెల్లి మా తమ్ముడిది. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పెంచుకున్నాడు, ఇంటి నుంచి పని అనగానే దాన్ని కూడా బండెక్కించుకుని వచ్చేశాడు. వెయిల్డ్ జాతి, నెత్తి మీద కిరీటంలా ఎత్తుగా ఉంటుంది, అసలు ఊరు యెమెన్, సౌదీ అరేబియా వైపు. పేరు రంగడు. ఇక్కడ ఒక మాట, మన చింతచెట్ల మీదా కంచెల మీదా కనిపించే దేశవాళీ ఊసరవెల్లిని పట్టుకొచ్చి పెంచడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇలాంటి విదేశీ జాతులకి కూడా 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో నమోదు ఉండాలి, రంగడికి ఆ కాగితం ఉంది. కింద రాసింది చదివి చెట్టు మీద ఉన్నదాన్ని ఇంటికి తెచ్చి వైద్యం చేస్తామనకండి, దెబ్బ తగిలినది కనిపిస్తే అటవీశాఖ వాళ్ళకి చెప్పండి.

ఇంతకీ కంటికీ పంపుకీ సంబంధం ఏమిటంటే, ఊసరవెల్లికి పై రెప్ప, కింద రెప్ప విడివిడిగా ఉండవు. రెండూ కలిసిపోయి కంటి మీద శంకువులా కప్పి ఉంటాయి, మధ్యలో చూపుకి సరిపడా చిన్న కన్నం ఒక్కటే. లోపలికి దుమ్మో, పీచో, కుబుసం ముక్కో వెళ్తే అది చేత్తో తుడుచుకోలేదు. ఆకుల మీద సన్నగా వాన పడుతున్నట్టు ఉంటే కన్ను ఉబ్బించి, లోపల గుడ్డుని గిరగిరా తిప్పి తనే కడుక్కుంటుంది. మొదటిసారి చూసినవాళ్ళు భయపడతారు, కన్ను బయటికి వచ్చేస్తోందని మా అమ్మ కేక పెట్టింది. అది జబ్బు కాదు, స్నానం. పైగా ఇవి గిన్నెలో నీళ్ళని సాధారణంగా పట్టించుకోవు, ఆకు మీద జారే చుక్కనే తాగుతాయి. అంటే దాహానికీ కంటికీ ఒకటే మందు, సన్నటి తుంపర, అదీ చాలాసేపు.

రంగడు ఒకరోజు కుడి కన్ను పట్టపగలు మూసుకుని కూర్చున్నాడు. పగలు కన్ను మూసుకుని ఉన్న ఊసరవెల్లి నిద్రపోతున్నట్టు కాదు, ఏదో తేడా ఉన్నట్టు. కొమ్మకేసి కన్ను రుద్దుకోవడం, పురుగు కనబడినా నాలుక చాచకపోవడం, ఇవన్నీ వరుసగా మొదలయ్యాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఒక వైద్యం చెప్పారు. తల్లిపాలు, తేనె, నందివర్ధనం పూల రసం, అన్నీ అయ్యాయి, దేన్నీ దాని దగ్గరికి రానివ్వలేదు. మందుల షాపులో అడిగితే ఒక కంటి చుక్కల సీసా ఇచ్చారు, తమ్ముడు పేరు చదివి చూస్తే యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథాసోన్ కూడా ఉంది, అంటే స్టెరాయిడ్. కంటి నల్లగుడ్డు మీద గీత గానీ పుండు గానీ ఉంటే స్టెరాయిడ్ చుక్కలు దాన్ని మాననివ్వవు, ఇంకా లోతుకి దింపుతాయి. మనుషుల చుక్కల్లో ఈ రెండూ కలిపినవి చాలా ఉంటాయి, షాపులో అడగ్గానే చేతికి వచ్చేది కూడా తరచూ అదే. వెనక్కి ఇచ్చేశాం.

మా వైపు పశువుల ఆసుపత్రులకి వచ్చేవి ఆవులూ మేకలూ, మహా అయితే కుక్కలు. అందుకని పక్షులూ పాకే జంతువులూ చూసే డాక్టరుతో ముందు వీడియో కాల్ మాట్లాడి, తర్వాత రైలెక్కి విశాఖపట్నం వెళ్ళాం. చిన్న బుట్టలో అడ్డంగా ఒక పుల్ల కట్టి, పైన తడి గుడ్డ కప్పి తీసుకెళ్ళాం, చీకటిగా ఉంటే కదలకుండా ఉంటుంది. ఆయన ఫ్లోరెసిన్ అనే నారింజ రంగు డై వేసి నీలం లైటు కింద చూశారు. నల్లగుడ్డు మీద పుండు ఉంటే ఆ చోట పచ్చగా మెరుస్తుందట, రంగడికి మెరవలేదు. సెలైన్‌తో రెప్ప లోపల కడిగితే కొబ్బరి పీచు లాంటిది, దానికి అతుక్కున్న కుబుసం పొర వచ్చాయి. ఆ పీచు పంజరం అడుగున పరిచిన కోకోపీట్‌ది. ఇంటికి రాగానే అది తీసేసి వట్టి పేపరు వేశాం. స్టెరాయిడ్ లేని చుక్కలు రాసిచ్చారు, పేరు నేను ఇక్కడ రాయను, మీ డాక్టరు కన్ను చూసి రాసేదే మీకు పనికొస్తుంది. దాంతోపాటు ఆయన గట్టిగా చెప్పింది రోజూ పొద్దున్నా సాయంత్రం గోరువెచ్చని నీళ్ళ తుంపర పట్టమని, మన దగ్గర సెలూన్‌లో ఉండే నొక్కుడు సీసాతో అయితే మీ చెయ్యి ముందు పడిపోతుందని. అక్కడ మొదలైంది పంపు కథ.

నొక్కుడు సీసాతో తేడా ఒక్కరోజులోనే తెలుస్తుంది. అది నొక్కినప్పుడల్లా ఫస్ ఫస్ మని ఒక్కొక్క జల్లు కొడుతుంది, ప్రతి జల్లుకీ రంగడు ఉలిక్కిపడి నల్లబడి ఆకుల వెనక్కి పోయేవాడు. ఈ పంపుకి పైన పిడి కాసేపు కొట్టి లోపల గాలి నింపితే చాలు, ట్రిగ్గర్‌కి లాక్ ఉంది, వేస్తే ఆగకుండా సన్నగా వస్తూనే ఉంటుంది. మొదట్లో ఇక్కడా పారిపోయాడు, కానీ చప్పుడు మారకుండా ఒకటే తీరుగా ఉండేసరికి కాసేపటికి కుదురుకుని కన్ను తిప్పడం మొదలుపెట్టాడు. ఆ తిప్పడం చూసినప్పుడే డబ్బులు గిట్టుబాటయ్యాయి అనిపించింది. ధర మూడొందలు నాలుగొందల మధ్యే.

వాడే తీరు మీదే అంతా ఉంది. ముందున్న ఇత్తడి నాజిల్ తిప్పితే సన్నటి పొగమంచు నుంచి నిటారు ధార దాకా మారుతుంది, ఆ ధార ప్రమాదం, కంటికి తగిలితే ఉన్న జబ్బుకి ఇంకోటి కలుస్తుంది. అందుకని ప్రతిసారీ ముందు గోడ మీద కొట్టి చూసుకోవాలి. ముఖం మీదకి కాకుండా రెండు మూడు అడుగుల దూరం నుంచి పై ఆకుల మీదకి కొడితే నీళ్ళు వాటంతటవే జారి దాని మీద పడతాయి. నీళ్ళు చెయ్యి పెడితే కాస్త వేడిగా అనిపించేటంత ఉండాలి, ఎందుకంటే తుంపరగా మారేసరికి చల్లారిపోతాయి, అలాగని మరిగినవి పోస్తే ప్లాస్టిక్ వంగిపోతుంది. పంజరంలో వేడి కోసం పెట్టిన దీపం ఆపేశాకే కొట్టాలి, ఎర్రగా కాలిన బల్బు మీద చుక్క పడితే పగులుతుంది. ఇంకోటి, రెండు పూటల మధ్య పంజరం పూర్తిగా ఆరాలి. కన్ను కోసమని రోజంతా తడిపి ఉంచితే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చిపెట్టినవాళ్ళమవుతాం.

ఇక లోపాలు. పిడి కింద ఉండే రబ్బరు వాషర్ నాసిరకం, కొద్ది రోజులకే గాలి జారడం మొదలైంది, కాస్త వాజిలీన్ రాస్తే సర్దుకుంది గానీ మళ్ళీ వస్తుంది. కొత్తలో ప్లాస్టిక్ వాసన ఘాటుగా ఉంది, నాలుగైదుసార్లు వట్టి నీళ్ళు పోసి కొట్టి పారబోశాకే పంజరం దగ్గరికి తీసుకెళ్ళాం. మూత పక్కన గాలి వదిలే వాల్వ్ ఉంటుంది, మూత తీసేముందు అది లాగాలి, మా తమ్ముడు లాగకుండా తిప్పితే మూత ఎగిరి గోడకి తగిలింది. కొలత గీతలు ఉన్నాయి గానీ సీసా ముదురు రంగు కాబట్టి లోపల ఎంత ఉందో కనపడదు, ఎవరి తెలివో మరి. అన్నిటికంటే పెద్ద తలనొప్పి నాజిల్ మూసుకుపోవడం. మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వారం తిరక్కుండా ఆకుల మీదా నాజిల్ మీదా తెల్లటి చార కట్టింది, అదే పొడి కంట్లో పడితే చేసిన పని అంతా వృథా. ఇప్పుడు ఫిల్టరు నీళ్ళే పోస్తున్నాం, నాజిల్‌ని అప్పుడప్పుడు వెనిగర్‌లో నానబెట్టి బాగా కడిగి బిగిస్తాం. రాత్రి మిగిలిన నీళ్ళు పారబోసి, మూత తెరిచి బోర్లించాలి, లేకపోతే లోపల పాచి పడుతుంది.

టైమర్ పెట్టి దానంతట అదే కొట్టే మిస్టింగ్ మెషీన్లు ఉన్నాయి, తమ్ముడికి మనసు వాటి మీదే ఉంది. ఉద్యోగానికి పొద్దున్నే వెళ్ళిపోయేవాళ్ళకి అవే మేలు. కానీ మా దగ్గర వేసవిలో గాలివాన వస్తే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం, చేతి పంపుకి ఆ బాధ లేదు. హ్యూమిడిఫైయర్ కొంటే సరిపోదా అని అడుగుతారు కొందరు, దాని నుంచి వచ్చే పొగ గాలిని తేమ చేస్తుంది గానీ కంటిలోని చెత్తని కడగలేదు, చుక్క పడాలి.

పంపు వల్ల కానివి కూడా చెప్పాలి, ఎందుకంటే నీళ్ళు కొడుతూ కూర్చుని రోజులు గడిపేస్తే కన్ను పోతుంది. ఒక కన్ను మాత్రమే మూసుకుంటే చాలాసార్లు దుమ్మో దెబ్బో కుబుసమో కావచ్చు. రెండు కళ్ళూ మూసుకుంటే మాత్రం లోపం ఒంట్లోనో, దీపంలోనో, తిండిలోనో ఉందని అనుమానించాలి. కళ్ళు లోపలికి గుంటలు పడితే ఒంట్లో నీరు తగ్గింది, దాంతోపాటు రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం పసుపుగానో నారింజగానో ఉంటుంది. రెప్ప వాచి, పుసులు గట్టిపడి, పెరుగు ముద్దలా ఏదైనా కనిపిస్తే అది ఇన్ఫెక్షనో, విటమిన్ ఎ లోపమో, రెండూనో. ఆ ముద్దని పుల్లతో తీయబోకండి, రెప్ప కింద కడగడం డాక్టరు పని. విటమిన్ ఎ అనగానే మనుషుల క్యాప్సూల్ కొరికి చుక్క వేసేవాళ్ళున్నారు, ఇది ఒంట్లో పేరుకునే విటమిన్, ఎక్కువైతే విషమే, మోతాదు బరువు చూసి డాక్టరే చెప్పాలి. మన చేతిలో ఉన్నది దానికి వేసే పురుగులకి మనం పెట్టే తిండి. మిడతలకీ బొద్దింకలకీ ముందురోజు గుమ్మడి, క్యారెట్, ఆకుకూర పెట్టి, రంగడికి వేసేముందు వాటికి కాల్షియం పొడి అద్దుతాం, విటమిన్ పొడి మాత్రం నెలకి ఒకట్రెండు సార్లే.

దీపం సంగతి విడిగా రాయాల్సినంత ఉంది, క్లుప్తంగా చెప్తా. యూవీబీ అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం, ఆ దీపం వెలుగు బాగానే ఉన్నా లోపలి యూవీబీ ముందే తగ్గిపోతుంది, అందుకే ఆరు నెలల నుంచి ఏడాది లోపు మార్చమంటారు. మరీ దగ్గరగా, మరీ ఘాటుగా ఉంటే కళ్ళు మండి మూసుకుంటాయి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు పంపిన, చుట్టలా మెలితిరిగిన దీపం మీద ఎంత యూవీబీ ఉందో రాతే లేదు, అలాంటిది తలకి జానెడు దూరంలో పెట్టడం జూదం. పొడుగు ట్యూబు లైటు రకం కొని పైన జాలీ మీద పెట్టండి. కిటికీ అద్దం వెనక ఎండలో పెడితే సరిపోతుందనుకోవద్దు, అద్దం యూవీబీని ఆపేస్తుంది.

రంగడి కన్ను ఇప్పుడు పూర్తిగా తెరుచుకుంది, చేతి దూరంలో ఉన్న మిడతని గురి తప్పకుండా లాగుతున్నాడు. అందులో డాక్టరు చేతిది ఎక్కువ, పంపుది కొంత. వస్తువుగా చూస్తే ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒక్కటి కోసింది వాషర్‌కి. కొనేటప్పుడు నాజిల్ ఇత్తడిదో, ఇత్తడి రంగు వేసిన ప్లాస్టిక్కో గోరుతో గీకి చూడండి, లేత రంగు సీసా ఉంటే అదే అడగండి. వాషర్లు విడిగా అమ్ముతారు, పంపు కొన్నరోజే రెండు అదనంగా తీసుకోండి, పత్తి సీజన్ మొదలయ్యాక వెళ్తే ఆ సైజు అయిపోయిందంటారు.