450 రూపాయల నడుం బెల్టు, యూరప్‌లో పాస్‌పోర్టు

విజయవాడ బీసెంట్ రోడ్డుకి ఆనుకుని ఉన్న ఓ సందులో బ్యాగులు కుట్టే చిన్న షాపుంది. అక్కడ 450 రూపాయలిచ్చి కుట్టించుకున్న నడుం బెల్టు గురించి రాస్తున్నాను. బనీను మీద కట్టుకుని పైన చొక్కా వేసుకునే రకం. అందులో పాస్‌పోర్టు, కార్డులు, యూరోలు పెట్టుకుని నెదర్లాండ్స్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళాం. అక్కణ్ణుంచి జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ తిరిగొచ్చాం. దాచుకోవడానికి దీన్ని మించింది లేదు. తీసి చూపించడానికి మాత్రం ప్రాణం మీదకొస్తుంది. యూరప్‌లో ఈ రెండు పనులూ రోజూ తప్పవు.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్లో లెక్కల పట్టీలు రాసి రిటైరైన మనిషిని. ఇప్పుడంటే డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతోంది గానీ, ఒకప్పుడు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, అమ్ముకున్న రైతు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, పంచెలో రొండిన దోపుకుని, పైన తువ్వాలు బిగించి బస్సెక్కేవాడు. జేబులు కొట్టేవాళ్ళు ఎంత తెలివైనవాళ్ళైనా రొండి దాకా చెయ్యి పోనిచ్చేవాళ్ళు కాదు. కాబట్టి నడుం మీద నాకు నమ్మకం ఎక్కువ.

మా అల్లుడు ముందుగా ఆన్‌లైన్‌లో ఓ మెడ సంచీ తెప్పించి పంపాడు. పదమూడొందలు. దాని మీద ‘ఆర్‌ఎఫ్‌ఐడీ బ్లాకింగ్’ అని పెద్దక్షరాలు. అంటే దూరం నుంచి మిషన్‌తో మన కార్డు వివరాలు లాగేయకుండా ఆపుతుందట. నా పాస్‌పోర్టు పాతది, అందులో చిప్పే లేదు. చిప్పున్న కొత్త ఈ-పాస్‌పోర్టులైనా లోపలి పేజీలో ఉన్న అక్షరాల వరస ముందు చదివితే గానీ తెరుచుకోవు. ట్యాప్ చేసే కార్డులు పనిచేసేది నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే. అక్కడి దొంగలకి మిషన్లతో పనిలేదు, రెండు వేళ్ళు చాలు. పైగా ఆ సంచీ తాడు కాలర్ దగ్గర బయటికి కనిపిస్తుంది. ఇదిగో ఇక్కడుంది రండి అని చెప్పినట్టే. అల్లుడి మనసు కష్టపెట్టడం ఎందుకని సూట్‌కేసులో పెట్టి తీసుకెళ్ళి, అలాగే వెనక్కి తెచ్చాను.

బీసెంట్ రోడ్డు షాపాయన పని తెలిసినవాడు. టేపు పట్టుకోలేదు. నా పాస్‌పోర్టే అడిగి తీసుకుని, గుడ్డ మీద పెట్టి సుద్దతో చుట్టూ గీత గీశాడు. మన పాస్‌పోర్టు పన్నెండున్నర సెంటీమీటర్ల పొడవు, తొమ్మిదికి కాస్త తక్కువ వెడల్పు. “రెండు పాస్‌పోర్టులు పడతాయా, ఒకటి చాలా గురువుగారూ?” అన్నాడు. ఒకటే చాలన్నాను. ఇద్దరివీ ఒకే నడుం మీద ఉంటే ఒక్క దెబ్బకి రెండూ పోతాయి. మా ఆవిడకి వేరేది కుట్టించాను. పైన కాటన్ డ్రిల్లు, లోపల లైనింగు, రెండు అరలు, జిప్పు మీద గుడ్డ మడత, అంచులకి డబుల్ కుట్టు. ఎలాస్టిక్ అంగుళం వెడల్పుది వేశాడు. ఇంకో అరంగుళం ఉంటే బాగుండేది. సన్న ఎలాస్టిక్ సాయంత్రానికి కోసుకుపోతుంది, కూర్చున్నప్పుడు మరీనూ.

లైనింగు సంగతి కూడా చెప్పాలి. ముదురు నీలం గుడ్డ వేశాడు. ఇటలీ ఎండకి చెమట పట్టి ఆ రంగు నా బనీన్లన్నిటికీ దిగింది. పాస్‌పోర్టుని జిప్పున్న ప్లాస్టిక్ కవర్లో పెట్టాను కాబట్టి అట్టకి అంటలేదు. మీరు ఏ బెల్టు కొన్నా ఆ కవరు మర్చిపోకండి. తడిసి ఉబ్బిన పాస్‌పోర్టుని చూసి కౌంటర్లో వాళ్ళు అనుమానపడితే అదో టెన్షన్.

ఇక చూపించే బాధ. ఆమ్‌స్టర్‌డామ్‌లోని షిపోల్ ఎయిర్‌పోర్టులో మొదలైంది. 2025 అక్టోబర్ 12 నుంచి యూరప్‌లో కొత్త పద్ధతి పెట్టారు. మనలాంటి బయటి దేశాలవాళ్ళకి స్టాంపు బదులు వేలిముద్రలు, ఫొటో తీసుకుంటున్నారు. దాని కోసం పాస్‌పోర్టు బయట ఉండాలి. అంతకు ముందే శంషాబాద్‌లో సెక్యూరిటీ వాళ్ళు బెల్టు విప్పించారు, చొక్కా కింద ఏదున్నా స్కానర్‌కి తెలిసిపోతుంది. కాబట్టి విమానం ఎక్కే రోజు ఇది నడుం మీద దండగ. చేతిసంచీలో పెట్టుకుని, ఊళ్ళోకి దిగాక కట్టుకోవడం మేలు.

అసలు ఊళ్ళో తిరిగేటప్పుడు పాస్‌పోర్టు వెంట ఉండాలా, హోటల్లో పెట్టేసి పోవచ్చా? దీని గురించి మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. నెదర్లాండ్స్‌లో పద్నాలుగేళ్ళు నిండిన ప్రతివాళ్ళూ పోలీసులు అడిగితే గుర్తింపు చూపించాలి, అది చట్టం. మన ఆధార్ అక్కడ చెల్లదు, జిరాక్సు కూడా చెల్లదు. మా అమ్మాయికి వాళ్ళిచ్చిన రెసిడెన్స్ కార్డుంది, పర్సులో పెట్టుకుని హాయిగా తిరుగుతుంది. మనకి పాస్‌పోర్టొక్కటే దిక్కు. ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాలన్నిటినీ కలిపి షెంగెన్ అంటారు. “షెంగెన్‌లో బోర్డర్లే లేవు కదమ్మా” అన్నాను. “లేవు నాన్నా, చెకింగులున్నాయి” అంది. నిజమే. షెంగెన్‌లో ఇప్పుడు 29 దేశాలున్నా, 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన నేల సరిహద్దులన్నిటా తనిఖీలు పెట్టింది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కొలోన్ వెళ్ళే రైల్లో పోలీసులు ఎక్కారు. నేను కూర్చున్న సీట్లోనే చొక్కా పైకెత్తి, జిప్పు వెతుక్కుంటూ, కవరు విప్పుతూ ఉంటే ఆ అమ్మాయి, పోలీసే, మొహం పక్కకి తిప్పుకుని నిలబడింది. అవతలి సీట్లో ముసలాయన మాత్రం పూర్తిగా చూశాడు.

రోమ్‌లో ఇంకా ఎక్కువ. ఇటలీలో హోటలు వాళ్ళు దిగినవాళ్ళ వివరాలు పోలీసులకి పంపాల్సిందే, అందుకని గదిలోకి వెళ్ళే ముందే పాస్‌పోర్టు అడుగుతారు. స్కాన్ చేసుకుని వెంటనే ఇమ్మని నిలబడండి, రేపిస్తాం అంటే ఒప్పుకోకండి. కొలోసియం టికెట్ల మీద 2023 అక్టోబర్ నుంచి పేరు వేస్తున్నారు, గేటు దగ్గర పేరూ గుర్తింపూ కలవాలి. అక్కడ మా ఆవిడ చున్నీ అడ్డం పట్టుకుంటే ఆ చాటున నేను బెల్టు తెరిచాను. ప్యారిస్‌లో ఆవిడ సెంటు సీసాలు కొంది. వంద యూరోలు దాటితే పన్ను వెనక్కిస్తారు, దానికీ పాస్‌పోర్టు కావాలన్నారు. మళ్ళీ చున్నీ.

ఈ విషయంలో ఆడవాళ్ళకి నయం అనుకున్నాను గానీ కాదు. చీర మీదైతే మా ఆవిడ ఆ బెల్టుని కుచ్చిళ్ళ కింద ఎవరికీ తెలియకుండా కట్టుకుంది, కానీ తియ్యాలంటే బాత్రూంకి వెళ్ళాల్సిందే, అక్కడ బాత్రూంకి కూడా చాలాచోట్ల డబ్బులివ్వాలి. “ఏవండీ, మీ బెల్టు కన్నా దానికయ్యే చిల్లర ఎక్కువైంది” అని సతాయించింది. మూడో ఊరు వచ్చేసరికి పంజాబీ డ్రెస్సుల్లోకి మారింది.

ఇన్ని తిట్లు తిట్టినా ఈ బెల్టు వదలకపోవడానికి కారణం ప్యారిస్ మెట్రో. ఒకటో నంబరు లైన్లో జేబుదొంగలున్నారు జాగ్రత్త అని మైకులో చెబుతూనే ఉంటారు. ఆ మాట వినగానే జనం చెయ్యి ఎక్కడికి పోతుందో దొంగ చూసుకుంటాడు. నేను ప్యాంటు జేబులో ఓ ఉత్తుత్తి పర్సు పెట్టుకున్నాను. పది యూరోలు, ఎప్పుడో గడువైపోయిన లైబ్రరీ కార్డు, పంచముఖాంజనేయస్వామి పటం. మైకు మోగినప్పుడల్లా ఆ జేబే తడుముకునేవాణ్ణి. లూవ్ర్ మ్యూజియం దగ్గర దిగేసరికి పర్సు లేదు. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో తెలియలేదు. స్వామివారి పటానికి బాధపడ్డాను, మిగతా అంతా నడుం మీద చెక్కుచెదరకుండా ఉంది.

ఈఫిల్ టవర్ చుట్టుపక్కల అట్ట మీద కాగితం పట్టుకుని సంతకం అడిగే పిల్లలు, సాక్రే కర్ చర్చి మెట్ల దగ్గర చేతికి దారం కట్టేవాళ్ళు, వీళ్ళ గురించి ఇప్పటికే అందరూ చెప్పేశారు. ఆగకుండా నడిచిపోతే చాలు.

రోమ్‌లో మేం దిగిన హోటల్లోనే తెనాలి నుంచి వచ్చిన ఒక కుటుంబం కలిసింది. టెర్మినీ స్టేషన్ నుంచి వాటికన్ వైపు పోయే 64 నంబరు బస్సులో ఆమె హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి మూడు పాస్‌పోర్టులూ లాగేశారు. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు, ఆ కాగితంతో మన ఎంబసీ, ఫొటోలు, ఫారాలు. చివరికి చేతికొచ్చింది ఎమర్జెన్సీ సర్టిఫికెట్. అది ఇండియాకి తిరిగి రావడానికి మాత్రమే పనికొస్తుంది. వీసా పాత పాస్‌పోర్టుతోనే పోయింది కదా, స్విట్జర్లాండ్ టికెట్లన్నీ వదులుకుని ఇంటికొచ్చేశారు. వాళ్ళకి కలిసొచ్చిందల్లా పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు ఫోన్లో ఉండటం. అవి లేకపోతే ఇంకెన్ని రోజులు తిరగాల్సొచ్చేదో.

అది చూశాక నేను బెల్టు వాడే తీరు మార్చాను. దేశం మారే రోజు, టికెట్ మీద పేరున్న రోజు పాస్‌పోర్టు చొక్కా లోజేబులో, జేబుకి పిన్నీసు. మిగతా రోజుల్లో నడుం మీదే. ఒక కార్డు బెల్టులో, ఇంకోటి ఆవిడ బెల్టులో, జిరాక్సులు సూట్‌కేసులో. జేబులో ఓ కాగితం మీద అమ్మాయి నంబరు, ఎంబసీ నంబరు, ఆపదలో పిలిచే 112. ఆ 112 మన దగ్గరా అదే నంబరు కాబట్టి గుర్తుపెట్టుకునే పని లేదు.

తిరిగొచ్చాక షాపాయనకి రంగు దిగిన బనీను చూపించాను. నవ్వి, ఈసారి తెల్ల లైనింగు వేస్తానన్నాడు. జిప్పు పైన కాకుండా పక్కన పెట్టగలవా, చొక్కా ఎత్తకుండా గుండీ మధ్య నుంచి చెయ్యి పెట్టి తీసుకునేలా, అనడిగితే, పెడతానన్నాడు, యాభై ఎక్కువవుతుందట. మీరు వెళ్తే ఆ రెండూ, ఒకటిన్నర అంగుళాల ఎలాస్టిక్కూ అడగండి. ప్రయాణానికి వారం ముందే ఇచ్చి, రెండు రోజులు ఇంట్లో కట్టుకుని చూడండి. అయిదుకి నాలుగు స్టార్లు, పక్క జిప్పు సరిగ్గా కుడితే నాలుగున్నర. బండి ఏలూరు రోడ్డు వైపు ఎక్కడైనా పెట్టి నడవండి, సాయంత్రాలు ఆ సందులోకి సైకిలు కూడా దూరదు.