లంకావి ఈగల్ బోట్ టూర్: అయిదుకి మూడు స్టార్లు, ఆ మూడూ మోటార్ ఆపాక వచ్చినవే

సంక్రాంతి సెలవులకి ఫ్యామిలీ అంతా మలేషియా వెళ్ళాం, అందులో రెండ్రోజులు లంకావి. అక్కడ ఎవర్నడిగినా ముందు చెప్పేది కిలిమ్ మడ అడవుల బోట్ టూర్, అందులో ఈగల్ ఫీడింగ్ మిస్సవ్వద్దు అని. ఊరంతా గద్ద బొమ్మలే, ఫెర్రీ జెట్టీ పక్కన 12 మీటర్ల గద్ద విగ్రహం కూడా ఉంది, మలయ్‌లో హెలాంగ్ అంటే గద్ద, దీవి పేరు కూడా దాన్నుంచే వచ్చిందని అక్కడ చాలామంది చెప్తారు. మేం ఆరుగురం కలిసి బోట్ మొత్తం మాట్లాడుకున్నాం. ఆపరేటర్ పేరు రాయట్లేదు, ఆ రోజు మాకు కనబడ్డ మిగతా బోట్లవాళ్ళూ అదే పని చేస్తున్నారు మరి.

ముందు ఒక విషయం. ఈగల్ ఈగల్ అని ఊదరగొట్టి చూపించేది ఎక్కువగా మన గరుడపక్షినే. తెల్ల తల, తెల్ల రొమ్ము, ఇటుక రంగు రెక్కలు, కాకినాడ పక్కన కోరింగలో కూడా కనబడుతుంది (మా అత్తయ్యగారైతే చూడగానే లెంపలేసుకుని దణ్ణం పెట్టేశారు). సరిగ్గా చెప్పాలంటే అది ఈగల్ (డేగ) కాదు, మనూళ్ళల్లో కోడిపిల్లల్ని తన్నుకుపోయే గద్దకి దగ్గర చుట్టం.

బోటతను మోటార్ గట్టిగా తిప్పి వెనకాల నీళ్ళల్లోకి చికెన్ స్కిన్ విసిరాడు, అంతే, ఎక్కడ్నించి వచ్చాయో ముప్పై నలభై పక్షులు గిర్రున తిరగడం మొదలెట్టాయి. చూడ్డానికి మాత్రం అదిరిపోయింది, అబద్ధం ఎందుకు. లకుముకి పిట్టలా నీళ్ళల్లో మునగవు, కాలి వేళ్ళు మాత్రం తగిలించి ముక్క లాక్కుని, ఎగురుతూనే కాలు ముక్కు దగ్గరికి తెచ్చుకుని తినేస్తాయి. నా ఫోన్లో అన్నీ తోకలే పడ్డాయి.

కానీ పది నిమిషాలకి ఇంకో బోటు, ఇంకో కవరు, మళ్ళీ అదే స్కిన్. చేపా ఎండ్రకాయా తిని బతకాల్సిన పక్షికి ఒట్టి కొవ్వు పెడితే ఎముకలకి, గుడ్డు పెంకుకి కావాల్సిన కాల్షియం ఎక్కడిది? చచ్చిన చేప దొరికినా వదలని జాతి కాబట్టి ఊరికే దొరికేదానికి తొందరగా అలవాటు పడిపోతాయి, తప్పు వాటిది కాదు. ఇందుకే రెండు స్టార్లు కట్.

ఇంక చాలు, కాసేపు మోటార్ ఆపు బాస్ అన్నా. అతను నన్ను పిచ్చోడ్ని చూసినట్టు చూసి ఒక సున్నపురాయి కొండ నీడలో ఆపాడు. పావుగంట ఏమీ లేదు, పిల్లలు చిప్స్ అయిపోగొట్టారు. అప్పుడొచ్చింది అసలు డేగ, తెల్ల పొట్ట సముద్రపు డేగ. రెక్కలు చాపితే రెండు మీటర్ల దాకా ఉంటుంది, ఆడది మగదానికంటే పెద్దది. రెక్కలు కొంచెం పైకెత్తి అలా తేలుతూ ఒక ఎండు కొమ్మ మీద వాలి, తలని మాత్రం అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. కళ్ళు పుర్రెలో అంత పెద్దగా ఇరుక్కుని ఉంటాయి కాబట్టి గుడ్లు తిప్పలేదు, తలే తిప్పాలి. మనకన్నా ఎనిమిది రెట్లు బాగా చూస్తుందని బోటతను వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు, అంత లేదు, ఆస్ట్రేలియా డేగల మీద టెస్ట్ చేస్తే రెండు, రెండున్నర రెట్లు తేలింది. అదేం తక్కువా? ఉన్నట్టుండి ఏటవాలుగా జారింది, చివర్లో కాళ్ళు ముందుకి చాపి నీళ్ళని గీరినట్టు వెళ్ళి చేపతో లేచింది. దాని పాదాల అడుగున ముళ్ళలాంటి గరుకు ఉంటుంది, అందుకే జారిపోదు. వెంటనే ఒక గరుడపక్షి లాక్కుందామని వెంటపడింది, ఇందాక మేం దణ్ణం పెట్టింది దీనికే!

సరిగ్గా అప్పుడే మా మామయ్యగారు మొదలెట్టారు, "బాబూ, డేగ నలభయ్యేళ్ళకి ముక్కు రాయికేసి కొట్టుకుని విరగ్గొట్టుకుంటుంది, కొత్తది వచ్చాక ఇంకో ముప్పయ్యేళ్ళు బతుకుతుంది" అని. వాట్సాప్‌లో మీకూ వచ్చే ఉంటుంది. ముక్కు లేకపోతే చేపని చీల్చేదెలా, కొత్తది మొలిచేలోపు ఆకలితో పోతుంది కదా. ముక్కు మన గోళ్ళలాగా రోజూ పెరుగుతూ అరుగుతూనే ఉంటుంది. అక్కడైతే నేను అవునండీ అనే అన్నా.

వెళ్ళేవాళ్ళకి: పొద్దున్నే ఎనిమిదింటికి పరిగెత్తొద్దు, ఎండ పడి నేల వేడెక్కి గాలి పైకి లేస్తేనే ఇవి రెక్క కొట్టకుండా తిరుగుతాయి, పది తర్వాత బెటర్. బైనాక్యులర్స్ తీసుకెళ్ళండి, 8×42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేవి) చాలు. ఇదే టూర్లో చూపించే గబ్బిలాల గుహ పర్లేదు, చేపల ఫారం టైమ్ వేస్ట్. బోటెక్కే ముందే చెప్పేయండి, స్కిన్ వద్దు, ఆ టైమంతా మోటార్ ఆపి ఉంచాలి అని. రేటు మాత్రం రూపాయి తగ్గించడు, అడిగి చూశా.