ఉన్ని డబ్బుతో లేచిన ఊళ్లు: సఫోక్‌లో మూడు రోజులు

ఇంగ్లండ్ తూర్పు వైపున ఉన్న సఫోక్ కౌంటీకి వెళ్లడానికి ఒక్క రోజే తీరిక ఉన్నదని ఎవరైనా అడిగితే, పేరుమోసిన లావెన్‌హామ్‌ను పక్కన పెట్టి లాంగ్ మెల్‌ఫర్డ్ చర్చికే వెళ్లమంటాను. రాత్రి ఉండగలిగితే మాత్రం బస లావెన్‌హామ్‌లోనే చేయాలి, ఎందుకంటే పగటి సందడి తగ్గిన తరువాతే ఆ వీధులు బాగుంటాయి.

అమ్మా నేనూ లండన్ లివర్‌పూల్ స్ట్రీట్‌లో రైలెక్కి, మార్క్స్ టేలో మారి సడ్‌బరీలో దిగి, అక్కడి నుంచి బస్సులో వెళ్లాము. మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు గాని, ఆదివారం బస్సును నమ్ముకుని బయలుదేరకూడదు.

లావెన్‌హామ్ సంపదంతా నీలిరంగు వేసిన మందపాటి ఉన్నిబట్టది. 1524 నాటి పన్ను లెక్కల్లో ఈ చిన్న ఊరు దేశంలోని సంపన్న పట్టణాల్లో 14వది. ఆ రంగును వోడ్ అనే మొక్క ఆకుల నుంచి తీసేవారు. మన నీలిమందు ఐరోపా సంతలను ముంచెత్తడం తరువాతి మాట. కోల్చెస్టర్‌లో స్థిరపడిన డచ్ నేతగాళ్లు పలుచని, చవకైన బట్ట నేయడం మొదలుపెట్టాక ఇక్కడి వ్యాపారం దెబ్బతిన్నది. పాత ఇళ్లను పడగొట్టి కొత్తవి కట్టుకునే స్తోమత ఎవరికీ లేకపోవడంతో, పచ్చి ఓక్ దూలాలతో కట్టిన ఆనాటి ఇళ్లు చెక్క ఆరినకొద్దీ వంగి, ఒకదానిమీద ఒకటి వాలినట్టు అలాగే నిలిచిపోయాయి. 1530 ప్రాంతంలో కట్టిన గిల్డ్‌హాల్ (ఒక సంఘం సభాభవనం) తరువాతి కాలంలో జైలుగానూ, నిరుపేదల చేత పని చేయించే శాలగానూ ఉపయోగపడింది. దానిని ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ నడుపుతున్నది. లోపల చూడవలసింది తక్కువే అయినా బట్ట తయారీ వివరాలను శ్రద్ధగా చూపించారు.

ఇక్కడి చర్చి గోపురం ఎత్తు 141 అడుగులు. దాని అడుగున ఆక్స్‌ఫర్డ్ ప్రభువు వంశచిహ్నమైన నక్షత్రం పక్కనే స్ప్రింగ్ అనే బట్టల వర్తకుల వ్యాపార ముద్ర ఉంటుంది; పైన పిట్టగోడకు వెళ్లేసరికి ఆ వర్తకులకు ప్రభువుల్లాగే సొంత వంశచిహ్నం వచ్చేసింది. గోపురం పూర్తయ్యేలోగా ఆ కుటుంబం హోదా ఎంత పెరిగిందో రాతిలోనే తెలుస్తుంది.

బస గురించి ఉన్నమాట చెప్పాలి. మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మ కోసం కింది అంతస్తు గది కావాలని ముందే రాసి, సరేనన్న జవాబు కూడా అందుకున్నాము. తీరా వెళితే ఇచ్చింది పైగది. దానికి మెలికలు తిరిగే ఇరుకు మెట్లు. గది నేల ఎంత ఏటవాలుగా ఉన్నదంటే, మంచానికి ఒక వైపు కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టారు. తలుపు దూలం నా నుదుటికి రెండుసార్లు తగిలింది. ఉదయం శాకాహారమని చెప్పినందుకు పుట్టగొడుగులు, బీన్స్, వేయించిన టమాటాలు వేడిగా, కడుపునిండా పెట్టారు. అందులో వంక పెట్టడానికి లేదు. అయినా పెద్దవాళ్లతో వెళ్లేవారు పాత ఇంటి అందానికి మురిసిపోకుండా, మెట్లెన్నో ఫోన్ చేసి అడిగి తెలుసుకోవడం మంచిది.

రెండవ రోజంతా లాంగ్ మెల్‌ఫర్డ్‌కే ఇచ్చాము. హోలీ ట్రినిటీ చర్చి వెలుపలి గోడల మీద, చెకుముకి రాయిలో పొదిగిన అక్షరాలతో, కట్టించిన దాతల పేర్లు, వారి ఆత్మల కోసం ప్రార్థించమనే వేడుకోలు వరుసగా సాగుతాయి. మన గుళ్లలో దాతల పేర్ల ఫలకాలు చదివే అలవాటున్న అమ్మ చర్చి చుట్టూ ఓపికగా నడిచింది. ప్రధాన దాత జాన్ క్లాప్టన్ 1462లో రాజద్రోహం కేసులో పట్టుబడ్డాడు. తోటివారి తలలు తెగినా తాను బయటపడి, ఈ చర్చి నిర్మాణాన్ని నడిపించి 1497లో పోయాడు. బలిపీఠం పక్కనే అతని సమాధి. కిటికీల రంగు అద్దాల మీది బొమ్మల్లో ఆనాటి స్త్రీ పురుషులు మోకరిల్లి కనిపిస్తారు. వెనుకనున్న లేడీ చాపెల్ (మరియమ్మ పేరిట కట్టిన చిన్న ప్రార్థనా మందిరం) 17వ శతాబ్దంలో ఊరి బడి. దాని గోడ మీద ఎక్కాల పట్టిక ఇప్పటికీ ఉన్నది. అమ్మ దాని ముందు నిలబడి పన్నెండో ఎక్కం పైకి చదివింది. ప్రవేశానికి రుసుము లేదు, హుండీ ఉంటుంది.

అదే ఊళ్లో రెండు పెద్ద భవనాలున్నాయి. ఒకప్పుడు క్లాప్టన్ల సొంత ఇల్లయిన కెంట్‌వెల్ హాల్ చుట్టూ నీటి కందకం, దారికి ఇరువైపులా 1678లో నాటిన లైమ్ చెట్లు (నిమ్మ కాదు, లిండెన్ అనే నీడచెట్లు); అది ఏడాది పొడుగునా తెరిచి ఉండదు, తేదీ చూసుకునే వెళ్లాలి. నేషనల్ ట్రస్ట్ చేతిలోని మెల్‌ఫర్డ్ హాల్‌లో 1942లో, సైన్యం బస చేసిన రోజుల్లో, మంటలు రేగి ఒక పక్క భాగం కాలిపోయింది. రెండింటిలో ఒకటే చూడగలిగితే నా ఓటు కెంట్‌వెల్‌కే, ఎందుకంటే చర్చిలో సమాధి చూసిన మనిషి వంశం వారి ఇల్లు అది.

మూడవ రోజు టాక్సీలో కెర్సీ వెళ్లాము. ఒక రకం ముతక ఉన్నిబట్టకు పేరిచ్చిన ఊరది. అక్కడ ప్రధాన వీధికి అడ్డంగా వాగు పారుతుంది. కార్లు నీళ్లలోంచే దాటుతాయి. అరగంట చాలు. తిరుగు ప్రయాణానికి మాట్లాడుకున్న టాక్సీ నలభై నిమిషాలు ఆలస్యంగా రావడంతో, ఆ వాగులోని బాతులన్నిటికీ అమ్మ పేర్లు పెట్టేసింది.