కార్క్‌లో వీకెండ్: బ్లార్నీకి ఒక పూట, కోవ్‌కి రోజంతా

డబ్లిన్‌లో మాస్టర్స్ చేస్తున్నవాళ్ళు ఎవరైనా వీకెండ్‌కి ఎక్కడికెళ్తే బాగుంటుంది అని అడిగితే నేను ఐర్లాండ్‌లోనే ఉన్న కార్క్ నగరం పేరే చెబుతున్నాను. కాకపోతే అక్కడికెళ్ళి అందరూ చేసేది చేయొద్దు అని కూడా చెబుతున్నాను. అందరూ బ్లార్నీ కోటకి ఒక రోజు మొత్తం ఇచ్చేసి, పక్కనే ఉన్న కోవ్ ఊరిని సాయంత్రం హడావిడిగా ఓ గంట చూసి వచ్చేస్తారు. మేం నలుగురం దీన్ని తిరగేసి చేశాం, అదే సరైన పద్ధతి అని నాకు గట్టిగా అనిపించింది.

ముందు వీసా సంగతి. వచ్చిన కొత్తలో అందరికీ ప్యారిస్, ఆమ్‌స్టర్‌డామ్ కలలే. ఐర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) లేదు కాబట్టి మన ఐఆర్‌పీ కార్డు (ఐర్లాండ్ నివాస అనుమతి) అక్కడ పనికిరాదు, విడిగా వీసా తీసుకోవాలి, దానికి అపాయింట్‌మెంట్ దొరకడమే ఒక పెద్ద పని. పోనీ బెల్‌ఫాస్ట్ అంటే బస్సెక్కితే చాలు, దారిలో చెక్‌పోస్ట్ కూడా ఉండదు, కానీ అది యూకే, మన పాస్‌పోర్ట్‌కి యూకే వీసా ఉండాల్సిందే. "ఎవడూ చూడడు రా, పదండి" అనేవాడు ప్రతి గ్యాంగ్‌లో ఒకడుంటాడు, వాడి మాట అస్సలు వినొద్దు. ఇంత లోన్ పెట్టుకుని వచ్చి, చదువయ్యాక ఇక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కునే స్టే బ్యాక్ అనుమతికి అప్లై చేసుకోవాల్సినవాళ్ళం, ఒక వీకెండ్ కోసం ఆ రిస్క్ ఎందుకు?

మేం వెళ్ళింది జూన్ చివర్లో. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా స్టూడెంట్లు వారానికి 40 గంటలు పని చేసుకోవచ్చు కాబట్టి అందరికీ శని, ఆదివారాలు షిఫ్టులే. నలుగురికీ ఒకే వీకెండ్ ఖాళీ చేయించడం టికెట్లు బుక్ చేయడం కంటే కష్టమైంది. షిఫ్ట్ మార్చుకునే మనిషి దొరికాకే డబ్బులు కట్టండి.

డబ్లిన్ నుంచి కార్క్‌కి రైలుకైనా, ఆగకుండా వెళ్ళే బస్సుకైనా ఇంచుమించు రెండున్నర, మూడు గంటలు పడుతుంది. బస్సు సిటీ సెంటర్‌లోనే ఎక్కొచ్చు, సాధారణంగా చవక కూడా. రైలుకి లుయాస్ ట్రామ్ పట్టుకుని హ్యూస్టన్ స్టేషన్‌కి వెళ్ళాలి. అయినా ఎక్కువమంది వెళ్తుంటే నా ఓటు రైలుకే. ముందుగా ఆన్‌లైన్‌లో స్టూడెంట్ టికెట్ తీసుకుంటే తేడా పెద్దగా ఉండదు, ఎదురెదురుగా నాలుగు సీట్లు, మధ్యలో టేబుల్, దాని మీద మేం తెచ్చుకున్న పులిహోర డబ్బా. సీటు బుక్ చేసుకుంటే పైన చిన్న తెర మీద మన పేరు వస్తుంది. అప్పటికే ఆ సీట్లో ఎవరైనా కూర్చుని ఉంటే మొహమాటపడకండి, పేరు చూపిస్తే వాళ్ళే లేస్తారు.

బస మాత్రం రెండు చోట్ల. ఇద్దరు అమ్మాయిలు వెస్టర్న్ రోడ్ మీద గెస్ట్‌హౌస్‌లో, మేం ఇద్దరం నదికి ఉత్తరం వైపు ఒక అద్దె అపార్ట్‌మెంట్‌లో. మా లిస్టింగ్‌లో "సిటీ సెంటర్‌కి ఐదు నిమిషాల నడక" అని రాశారు. దిగడానికి ఐదు నిమిషాలే. ఎక్కడానికి ఎంతో చెప్పలేదు! కార్క్ ఉత్తరం వైపంతా నిట్టనిలువు కొండ, సెయింట్ పాట్రిక్స్ హిల్ ఫొటో ఒకసారి చూస్తే మీకే అర్థమవుతుంది. అది కూడా సర్దుకున్నాం కానీ మొదటి రాత్రి వేడినీళ్ళు రాలేదు. ఐర్లాండ్‌లో చాలా ఇళ్ళల్లో నీళ్ళు కాగడానికి ఇమర్షన్ స్విచ్ ఉంటుంది, మామూలుగా హాట్ ప్రెస్ అనే అల్మారాలోనో దాని పక్కనో. మా దాంట్లో ఆ అల్మారాకి తాళం. మెసేజ్ పెడితే ఓనర్ జవాబు మర్నాడు తొమ్మిదికి వచ్చింది, తాళంచెవి వంటింట్లో సొరుగులో ఉందని. క్లీనింగ్ ఫీజు పేరుతో రూమ్ రేట్‌లో మూడో వంతు తీసుకున్న మనిషి ఈ ఒక్క ముక్క ముందే రాయొచ్చు కదా!

గెస్ట్‌హౌస్‌లో ఉన్నవాళ్ళు రాత్రికి పదిహేను యూరోలు ఎక్కువ ఇచ్చారు, కానీ పొద్దున్నే టిఫిన్ అందులోనే. వాళ్ళలో ఒకమ్మాయి గుడ్డు తప్ప ఏ మాంసమూ తినదు. ఐరిష్ బ్రేక్‌ఫాస్ట్ అంటే సాసేజ్, బేకన్, బ్లాక్ పుడ్డింగ్ కాబట్టి ఏం దొరుకుతుందో అని భయపడింది. ఆ పెద్దావిడ రాత్రే అడిగి తెలుసుకుని పొద్దున్న వేరే పెనం మీద గుడ్లు, పుట్టగొడుగులు, టమాటా, ఆలూ, పక్కన బీన్స్ పెట్టి ఇచ్చిందట. బయట టిఫిన్ ఖర్చు లెక్కేస్తే రెండూ ఒకటే ధర పడ్డాయి. వెస్టర్న్ రోడ్ యూనివర్సిటీ పక్కనే, దారి చదును, సెంటర్‌కి నడిచి వెళ్ళిపోవచ్చు. ఇంకోసారి వెళ్తే నేనూ అక్కడే దిగుతాను.

శనివారం పొద్దున్నే ఇంగ్లిష్ మార్కెట్‌కి వెళ్ళండి, ఎందుకంటే ఆదివారం మూసేస్తారు. 1788లో మొదలైన కప్పున్న మార్కెట్ ఇది. 2011లో బ్రిటన్ రాణి ఎలిజబెత్ ఐర్లాండ్ వచ్చినప్పుడు ఇక్కడికీ వచ్చింది. నాకు మాత్రం చేపల వరసే మార్కెట్ మొత్తానికి ప్రాణం అనిపించింది. ఐసు మీద పరిచిన కానాగంతలు వీపు మీద చారలతో నీలంగా మెరుస్తున్నాయి, పక్కన పీతలు, ఆలిచిప్పలు, ఇంత పొడుగు సాల్మన్. డబ్లిన్‌లో సూపర్‌మార్కెట్ ప్యాకెట్లు చూసి చూసి విసిగిపోయిన కళ్ళకి పండగే. కొన్ని కొట్లలో ట్రైప్, డ్రిషీన్ అని పెడతారు, కార్క్ వాళ్ళ పాత తిండి. ట్రైప్ అంటే మన బోటి, డ్రిషీన్ నెత్తురుతో చేసేది, మన నల్ల లాంటిది. మాతో వచ్చిన వరంగల్ వాడు బోటి కొనేసుకుని రాత్రికి అపార్ట్‌మెంట్‌లో వండుదామన్నాడు, కారం ఎక్కడిది రా అంటే బ్యాగ్‌లోంచి తీశాడు. వండాం కూడా. వంటిల్లున్న బసకి ఈ ఒక్క లాభం ఉంది, ఒప్పుకోవాలి.

అక్కడి నుంచి షాండన్. సెయింట్ ఆన్స్ చర్చి, 1722లో కట్టింది. గోపురం రెండు వైపులు ఎర్ర ఇసుకరాయి, రెండు వైపులు తెల్ల సున్నపురాయి. నాలుగు గడియారాలూ గంట కొట్టేటప్పుడు తప్ప ఒకే టైమ్ చూపించవు కాబట్టి ఊళ్ళో దీన్ని నాలుగు ముఖాల అబద్ధాలకోరు అంటారు. టికెట్ ఖరీదు తక్కువే, మెట్లు 132. ఇక్కడి విశేషం ఏంటంటే పైనున్న ఎనిమిది గంటలనీ మనమే మోగించవచ్చు. తాళ్ళకి నంబర్లుంటాయి, ఎదురుగా కాగితం మీద నంబర్ల వరసలో పాటలుంటాయి. అది చూసుకుంటూ లాగాలి, తాడు చేతికి బరువుగా తగులుతుంది, అర క్షణం ఆగి పైన మోత. ఊరంతా వినిపిస్తుందని తెలిసి మొదట చెయ్యి వెనక్కిపోతుంది, తర్వాత వదలబుద్ధి కాదు. ఆ పైన ఇంకో ఇరుకు మెట్లదారి బాల్కనీకి వెళ్తుంది, లావుపాటి బ్యాగ్ ఉంటే కింద పెట్టేయండి.

మధ్యాహ్నం 215 బస్సులో బ్లార్నీ. లీప్ కార్డ్ (బస్సులకీ రైళ్ళకీ వాడే ప్రీపెయిడ్ కార్డు) పనిచేస్తుంది. (దిగేటప్పుడు డ్రైవర్‌కి థ్యాంక్స్ చెప్పడం ఇక్కడి పద్ధతి, అందరూ చెబుతారు, మనమూ చెప్పాలి.) కోట 1446 నాటిది. పైన గోడలో ఉన్న రాయిని ముద్దుపెట్టుకుంటే మాటకారితనం వస్తుందని నమ్మకం. దానికోసం వెల్లకిలా పడుకుని, ఇనప కడ్డీలు పట్టుకుని, తల వెనక్కి వంచాలి, పక్కన ఒకాయన నడుం పట్టుకుంటాడు. జూన్‌లో ఇరుకు మెట్ల మీద క్యూ గంట దాటింది, పైన ఒక్కొక్కరికీ దక్కేది కొన్ని సెకన్లు. మాలో ఇద్దరు వెళ్ళారు, ఇద్దరం తోటలో తిరిగాం, తర్వాత మాట్లాడుకుంటే తోటలో తిరిగినవాళ్ళకే ఎక్కువ గిట్టుబాటైందని తేలింది. ఇరవై యూరోలకి అటూ ఇటూ ఉండే టికెట్‌కి విలువ ఆ తోటల్లోనే ఉంది.

ముఖ్యంగా కోట వెనకాల విషపు మొక్కల తోట. ప్రమాదకరమైన కొన్ని మొక్కలకి చుట్టూ ఇనప పంజరాలు, ముట్టుకోవద్దు, వాసన చూడొద్దు అని బోర్డులు. మాండ్రేక్, నల్లమందు మొక్క ఇవన్నీ చూసుకుంటూ వస్తుంటే ఒక బోర్డు దగ్గర మహబూబ్‌నగర్ అమ్మాయి ఆగిపోయింది. "అరే, ఇది ఆముదం కదా! మా పెద్దనాన్న వాళ్ళ చేను గట్టు నిండా ఇదే!" నిజంగానే ఆముదం. అదే అయిదు వేళ్ళ అరచెయ్యిలాంటి ఆకు, అదే ఎర్రటి కాడ. గింజలో రైసిన్ అనే విషం ఉంటుంది కాబట్టి ఇక్కడ పెట్టారు, నూనెలోకి ఆ విషం రాదు. చిన్నప్పుడు మన తలకి రాసిన నూనె మొక్కకి ఇక్కడ పుర్రె బొమ్మ బోర్డు. ఆ అమ్మాయి అక్కడే నిలబడి ఇంటికి వీడియో కాల్ చేసింది, అప్పటికి ఇండియాలో రాత్రి తొమ్మిది దాటింది, ఇంట్లో అందరూ వచ్చి ఫోన్ చుట్టూ చేరారు.

సాయంత్రం యూనివర్సిటీ కాలేజ్ కార్క్ క్యాంపస్. లోపల తిరగడానికి టికెట్ లేదు. జూన్‌లో పదింటిదాకా వెలుతురే కాబట్టి తొందర పడక్కర్లేదు. పాత భవనం వరండాలో ఓగం రాళ్ళు ఉన్నాయి, రాయి అంచు మీద గీతలే అక్షరాలు, ఐరిష్ భాషకి దొరికిన తొలి రాతలు అవే. క్వాడ్ (భవనాల మధ్య ఉండే చదరపు ఆవరణ) మధ్యలో గడ్డి మీద అడ్డంగా నడిస్తే పరీక్ష తప్పుతామని ఇక్కడి స్టూడెంట్ల నమ్మకం. రిజల్ట్స్ రావాల్సినవాళ్ళం, చుట్టూ తిరిగే వెళ్ళాం. ఇంకో సంగతి, జార్జ్ బూల్ ఇక్కడే పాఠం చెప్పాడు. 1849లో ఈ కాలేజీకి మొదటి గణిత ప్రొఫెసర్. మనలో సగంమంది డేటా అనలిటిక్స్, కంప్యూటర్ సైన్స్ చదవడానికే ఇంతదూరం వచ్చాం, రోజూ కోడ్‌లో రాసే ట్రూ, ఫాల్స్, ఆండ్, ఆర్ అన్నీ ఆయన వేసిన దారే. 1864లో వానలో తడుస్తూ నడిచి వచ్చి, ఆ తడి బట్టలతోనే క్లాసు చెప్పి, జబ్బుపడి చనిపోయాడు. అప్పటికి ఆయనకి 49 ఏళ్ళు.

ఇక ఆదివారం కోవ్. బ్యాగులు సర్దుకుని కెంట్ స్టేషన్‌కి వెళ్తే చాలు, కోవ్ రైలూ, సాయంత్రం డబ్లిన్ రైలూ రెండూ అక్కడే. ఇరవై అయిదు నిమిషాల ప్రయాణం, మధ్యలో రెండు వైపులా నీళ్ళొస్తాయి, కుడివైపు కూర్చోండి.

కోవ్ చిన్న ఊరే. టైటానిక్ చివరిసారిగా ఆగింది ఇక్కడే, 1912 ఏప్రిల్ 11న, 123 మంది ఇక్కడ ఎక్కారు. ఆ ఓడ కంపెనీ వైట్ స్టార్ లైన్ అప్పటి టికెట్ ఆఫీసులోనే ఇప్పుడు టైటానిక్ ఎక్స్‌పీరియన్స్ అనే ప్రదర్శన పెట్టారు. లోపలికి వెళ్ళేటప్పుడు ఇక్కడ ఎక్కిన ఒక నిజమైన ప్రయాణికుడి పేరుతో కార్డు ఇస్తారు, ఆ మనిషి బతికాడో లేదో చివర్లో తెలుస్తుంది. గైడ్ మొదట్లోనే కిటికీలోంచి పాత చెక్క జెట్టీని చూపించారు, వాళ్ళు పడవెక్కింది అక్కడినుంచే. ఇప్పుడు విరిగిన దుంగలు మాత్రమే మిగిలాయి.

కోవ్ స్టేషన్‌లోని హెరిటేజ్ సెంటర్ (వలసల చరిత్ర మ్యూజియం) మాత్రం మేం ఎక్కువసేపు ఉండిపోయిన చోటు. 1848 నుంచి 1950 దాకా దాదాపు 60 లక్షలమంది ఐర్లాండ్ వదిలిపోతే అందులో 25 లక్షలమందికి పైగా ఈ రేవు నుంచే వెళ్ళారు. బయట ఆనీ మూర్ విగ్రహం ఉంది, ఇద్దరు తమ్ముళ్ళతో. 1892 జనవరి 1న న్యూయార్క్ ఎల్లిస్ ఐలాండ్‌లో మొదట నమోదైన వలస మనిషి ఆ పిల్లే. కష్టం వచ్చి ఊరు వదిలినవాళ్ళ దేశానికి ఇవాళ మనం చదువుకోడానికి వచ్చాం. విమానాశ్రయంలో అమ్మానాన్నల్ని వదిలి రెండేళ్ళు కూడా కానివాళ్ళం, ఆ గోడల మీది ఉత్తరాలు ఊరికే చదివి పోలేకపోయాం. ఒకరినొకరు తొందరపెట్టుకోకుండా చూడండి, టికెట్ డబ్బు దీనికే ఇవ్వండి.

ఇక్కడే ఇంకోటి చెప్పాలి. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానం ఈ తీరానికి దూరంగా సముద్రంలో పేలిపోయింది, 329 మంది పోయారు. దొరికిన దేహాలని కార్క్ ఆసుపత్రికే తెచ్చారు. జ్ఞాపక చిహ్నం వెస్ట్ కార్క్‌లో అహకిస్టా అనే పల్లెలో ఉంది, ఏటా ఆ రోజున అక్కడ సంస్మరణ జరుగుతుంది. కారు లేకుండా వీకెండ్‌లో వెళ్ళి రావడం కష్టం. మేం వెళ్ళలేకపోయాం, కారు ఉన్నవాళ్ళు దయచేసి వెళ్ళండి.

కోవ్‌లో అందరూ తీసే ఫొటో, రంగురంగుల ఇళ్ళ వరస వెనక సెయింట్ కోల్మన్స్ కెథీడ్రల్ శిఖరం, వెస్ట్ వ్యూ వీధి దగ్గర వస్తుంది. 1868లో మొదలుపెట్టి 1919కి గానీ పూర్తి చేయలేదు, లోపలికి ఉచితం, ఆదివారం పొద్దున ప్రార్థన ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం వెళ్ళడం మర్యాద. స్పైక్ ఐలాండ్ ఫెర్రీ కూడా ఇక్కడినుంచే, పాత జైలు, కానీ పోయి రావడానికి మూడున్నర గంటలు. టైటానిక్ ఎక్స్‌పీరియన్స్, హెరిటేజ్ సెంటర్ రెండూ వదులుకునేట్టయితేనే ఎక్కండి.

తినడానికి కోవ్‌లో రేవు పక్కన ఫిష్ అండ్ చిప్స్ చాలు. కార్క్‌లో అయితే బ్యాండన్ రోడ్ మీద జాకీ లెనక్స్, 1951 నుంచి నడుస్తోంది, క్యూ ఉన్నా త్వరగా కదులుతుంది. మనిషికి రెండొందల యూరోల లోపు అంతా అయిపోయింది. అక్టోబర్ బ్యాంక్ హాలిడే వీకెండ్‌కి మాత్రం పెట్టుకోకండి, అప్పుడు జాజ్ ఫెస్టివల్, బసల రేట్లు మన బడ్జెట్‌కి అందవు. ఆదివారం సాయంత్రం డబ్లిన్ రైలు కిక్కిరిసి ఉంటుంది, తిరుగు సీట్లు వెళ్ళేటప్పుడే బుక్ చేసేసుకోండి.