క్యాప్చర్ కార్డు కొనేముందు మీ క్యాసెట్ ఏ రకమో చూసుకోండి: చాన్నాళ్లు వాడాక రాస్తున్న సమీక్ష

పాత టేపుల్లోని వీడియోని కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ కార్డు కొనాలనగానే అందరూ ముందు కంప్యూటర్‌కి ఏ పోర్టులున్నాయో చూస్తారు. చూడాల్సింది క్యాసెట్‌ని. మినీడీవీ, డిజిటల్8 టేపులైతే క్యాప్చర్ కార్డు దండగ. వాటిలో ఉన్నదే డిజిటల్ డేటా కాబట్టి ఫైర్‌వైర్ (క్యామ్‌కార్డర్ నుంచి డిజిటల్ డేటా పంపే పోర్టు) కేబుల్‌తో ఉన్నదున్నట్టు దించుకోవచ్చు. గంటకి సుమారు 13 జీబీ పడుతుంది. డెస్క్‌టాప్‌కి పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు ఒకటి చాలు. పాత పీసీఐ కార్డు ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో పట్టదు, పేరు దగ్గరగా ఉందని మోసపోకండి. ఈ టేపుల్ని పసుపు ఆర్‌సీఏ కేబుల్‌తో యూఎస్‌బీ స్టిక్‌లోకి (పెన్‌డ్రైవ్‌లా గుచ్చే చిన్న క్యాప్చర్ కార్డు) ఎక్కిస్తే ఉన్న నాణ్యత చేజేతులా పోగొట్టుకున్నట్టే.

వీహెచ్‌ఎస్, హై8 టేపులకి మాత్రం అనలాగ్ కార్డు కావాలి. కాంపోజిట్‌తో (ఆ పసుపు సాకెట్) పాటు ఎస్-వీడియో సాకెట్ కూడా ఉన్నదే తీసుకోండి. ఎస్-వీడియోలో వెలుగు, రంగు వేర్వేరు తీగల్లో వస్తాయి కాబట్టి రంగు అంచుల దగ్గర చుక్కలు పాకడం తగ్గుతుంది. దీనికి యూఎస్‌బీ 3.0 అక్కర్లేదు. పాల్ (మన దేశపు అనలాగ్ టీవీ పద్ధతి) ఫ్రేము 720×576, పిక్సెల్‌కి 2 బైట్లు, సెకనుకి 25 ఫ్రేములు: లెక్కేస్తే సెకనుకి 21 ఎంబీ లోపే. యూఎస్‌బీ 2.0 దీన్ని సులువుగా మోస్తుంది, హబ్ మధ్యలో పెట్టకుండా నేరుగా గుచ్చితే. డిస్కులో మాత్రం గంటకి 75 జీబీ దాకా తింటుంది. హఫ్‌వైయూవీ లాంటి లాస్‌లెస్ కోడెక్ (నాణ్యత పోకుండా కుదించేది) పెడితే దాదాపు సగానికి దిగుతుంది. డిస్కు ఫార్మాట్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దగ్గర ఫైలు ఆగిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ చేసుకోండి.

హెచ్‌డీఎంఐ స్టిక్‌ల లెక్క వేరు. 1080పీ, 60 ఫ్రేములు కుదించకుండా పంపాలంటే సెకనుకి 249 ఎంబీ కావాలి. యూఎస్‌బీ 2.0లో అది పట్టదు, అందుకే ఆ స్టిక్‌లు ఎంజేపెగ్‌గా, అంటే ఒక్కో ఫ్రేముని జేపెగ్ ఫొటోలా కుదించి పంపుతాయి. డబ్బా మీద పెద్దక్షరాలతో ఉండే 4కే అంటే చాలాసార్లు 4కే సిగ్నల్ లోపలికి తీసుకుంటుందనే అర్థం, రికార్డయ్యేది 1080. కొన్ని చవక స్టిక్‌లు 48 కిలోహెర్ట్జ్ స్టీరియోని 96 కిలోహెర్ట్జ్ మోనోగా కంప్యూటర్‌కి చెప్పుకుంటాయి. ఎడమ, కుడి చానెళ్లు కలగాపులగమైపోతాయి. పాత వీసీఆర్‌ని కన్వర్టర్ డబ్బాతో హెచ్‌డీఎంఐకి మార్చి ఇలాంటి స్టిక్‌కి ఇవ్వడం నా దృష్టిలో అన్నిటికంటే చెత్త దారి. కన్వర్టర్ డబ్బా తనకి తోచినట్టు ఇంటర్‌లేస్ (ఒక్కో ఫ్రేము సరి, బేసి గీతల రెండు సగాలుగా ఉండడం) తీసేసి సైజు పెంచేస్తుంది. దాన్ని ఎడిటింగ్‌లో వెనక్కి తేలేం.

ఇక ఎక్కువమందిని ఏడిపించేది మాట, పెదవులు కలవకపోవడం. ఇందులో రెండు జబ్బులున్నాయి, మందులు వేరు. తేడా మొదటినుంచి చివరిదాకా కొంచెం కొంచెంగా పెరుగుతూ పోతే, ఆడియో గడియారం, వీడియో గడియారం ఒకే వేగంతో నడవడం లేదన్నమాట. ఆడియోని మొత్తంగా సాగదీసో కుదించో సరిచేయొచ్చు. ఒక చోట ఠక్కున తేడా వచ్చి అక్కణ్నుంచి అలాగే నిలిచిపోతే మాత్రం ఫ్రేములు జారిపోయాయి. పాల్‌లో 25 ఫ్రేములు పోతే పూర్తి సెకను తేడా. దాన్ని సాగదీస్తే బాగున్న భాగం కూడా చెడిపోతుంది. జారిన చోటే కత్తిరించి జరపాలి, లేదా మళ్లీ క్యాప్చర్ చేయాలి. టేపు సాగినా, రికార్డింగుల మధ్య ఖాళీ ఉన్నా సింక్ సిగ్నల్ (ఫ్రేము ఎక్కడ మొదలవుతుందో చెప్పేది) చెదిరి, స్టిక్ ఫ్రేముల్ని వదిలేస్తుంది. వర్చువల్‌డబ్ అనే క్యాప్చర్ ప్రోగ్రాంలో క్యాప్చర్ నడుస్తుండగానే డ్రాప్ (పోయిన ఫ్రేములు), ఇన్సర్ట్ (చొప్పించిన ఫ్రేములు) అంకెలు కనిపిస్తాయి, వాటి మీద ఓ కన్నేసి ఉంచండి. టైమ్ బేస్ కరెక్టర్ (టేపు సిగ్నల్ టైమింగ్‌ని సరిచేసేది) ఉన్న వీసీఆర్ వాడితే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

క్యామ్‌కార్డర్ 3.5 ఎంఎం ఏవీ కేబుల్‌తో బొమ్మ రాకపోతే కార్డుని తిట్టకముందు ప్లగ్గులు మార్చి చూడండి. ఒక్కో కేబుల్‌లో తీగల వరస ఒక్కోలా ఉంటుంది, ఎర్ర ప్లగ్గులో వీడియో రావడం మామూలే. విండోస్ 10, 11లో కార్డు కనిపిస్తున్నా బొమ్మ నల్లగా ఉంటే, ప్రైవసీ సెట్టింగుల్లో కెమెరా, మైక్రోఫోన్ అనుమతులు చూడండి. స్టిక్ యూవీసీ రకమైతే (వెబ్‌క్యామ్‌లా విండోస్ సొంత డ్రైవర్‌తోనే నడిచేది) డ్రైవర్ గొడవే ఉండదు. యూవీసీ కాని రకమైతే 64 బిట్ డ్రైవర్ ఉందో లేదో కొనేముందే తేల్చుకోండి. 32 బిట్ డ్రైవర్‌తో ఆగిపోయిన కార్డు ఈనాటి సిస్టమ్‌లో పనిచేయదు.

క్యాప్చర్‌కి ముందే బ్రైట్‌నెస్ కాస్త దించి, హిస్టోగ్రామ్‌లో (వెలుగు స్థాయిలు చూపే గ్రాఫ్) తెలుపు అంచుకి గుద్దుకోకుండా చూడండి. తెల్ల చొక్కా మడతలు ఒకసారి మాయమైతే ఎడిటింగ్‌లో తిరిగి రావు. ఇంటర్‌లేస్‌ని అలాగే ఉంచి పట్టుకుని, తర్వాత సెకనుకి 50 ఫ్రేములకి విడదీయండి. అనలాగ్ స్టిక్ ఫైళ్లలో మామూలుగా పై ఫీల్డు (ఫ్రేములోని ఒక సగం గీతలు) ముందు, డీవీలో కింది ఫీల్డు ముందు. తారుమారైతే నడిచే మనిషి ముందుకీ వెనక్కీ ఊగుతాడు. బొమ్మ అడుగున నాలుగైదు గీతలు వణుకుతుంటే కంగారు పడకండి, అది వీసీఆర్ హెడ్డు మారే చోటు. టీవీలో ఆ భాగం తెర చట్రం వెనక దాక్కునేది, అంతే. చివర్లో నల్ల పట్టీతో కప్పేయండి.