కందా, చామగడ్డా: చెల్క పెరట్లో ఏది మేలు?

పెరట్లో ఒకసారి పెడితే ఏటేటా మొలిచే గడ్డ ఏదని దేవరకొండ, అచ్చంపేట వైపు వాళ్లు అడుగుతూనే ఉంటారు. చివరికి మాట వచ్చి ఆగేది రెండింటి దగ్గరే: చామగడ్డ, పులుసులోకి వేసే పెద్ద కంద. రుచి సంగతి తర్వాత. ఏప్రిల్, మే నెలల్లో మీ బోరు పోస్తుందా? నా దృష్టిలో తేల్చేది అదే.

చామగడ్డకు మొక్క మొదలు దగ్గర తడి ఆరకూడదు. ఎర్ర చెల్క అంటే ఇసుక నేల, నీళ్లు నిలవవు కాబట్టి నాలుగు రోజులు మరిచామంటే ఆకు అంచులు మాడి వేలాడిపోతాయి. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ దిక్కునో, స్నానాల నీళ్లు పారే మూలనో అయితే టెన్షన్ లేదు. ఆరేడు నెలల్లో గడ్డలు చేతికొస్తాయి, ఈలోపు ఆకు చింతపండు పప్పులోకి పనికొస్తుంది.

కంద లెక్క వేరు. తొలకరికి మొలిచి, వానకాలమంతా గొడుగులాంటి ఆకు పట్టి, సంక్రాంతి నాటికి పసుపుబారి పడిపోతుంది. మళ్లీ తొలకరి దాకా గడ్డ మట్టిలో నిద్రే. మనకు నీళ్లు లేని నెలల్లో దానికీ అక్కర్లేదు! తవ్వకుండా వదిలేస్తే పాత గడ్డ కరిగి, ఆ చోటే ఇంకా పెద్దది ఊరుతుంది.

దాన్ని చంపేది ఎండ కాదు, నిలవ నీళ్లు. మొదలు దగ్గర తెల్ల బూజు పట్టి, కాడ కుళ్లి ఒరుగుతుంది. అందుకే మెరక మీద, మూడడుగుల దూరంలో గుంతలు తీసి పశువుల పెంట నింపి పెట్టండి. అరకిలో ముక్క చాలు. కోసిన ముక్కల్ని పేడనీళ్లలో ముంచి నీడన ఆరబెట్టాలి.

తింటే గొంతు దురద అంటారా, చామగడ్డా తక్కువదేం కాదు. కందలో కొవ్వూరు పరిశోధన స్థానం ఇచ్చిన గజేంద్ర రకం వేస్తే ఆ బాధ ఉండదు.

పెండలం తీగకు పందిరి కావాలి, జాగా ఉన్నవాళ్లు చూసుకోండి. గెణుసుగడ్డ శివరాత్రికి కొనుక్కుంటే సరి, పెరట్లో వేస్తే ఎలుకలు మిగల్చవు.

నీళ్లున్నవాళ్లు రెండూ వేసుకోవచ్చు. బోరు మీద నమ్మకం లేకపోతే మాత్రం కందే. విత్తనానికి మార్కెట్ గడ్డ తెచ్చినా మొలుస్తుంది, కాకపోతే ప్రతి ముక్కకూ నడిమి మొగ్గ కొంతైనా వచ్చేలా కోయాలి.